దక్షిణ ముఖం ఇంటికి సబ్సిడీ కోత చేసిన మేలు

అద్దె సబ్సిడీలు కోసేసిన మహానుభావులెవరో గానీ, వాళ్ళకు ఊరూరా సన్మానాలు చెయ్యాలి! శాలువాలు కప్పాలి, ఫ్లెక్సీలు కట్టాలి! మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. అమెరికాలో పేదవాళ్ళ ఇంటద్దెలో కొంత ప్రభుత్వం కడుతుంది. ఆ కట్టేదానికి ఇప్పుడు కత్తెర పడుతోందని కొందరు గుండెలు బాదుకుంటున్నారు. వాళ్ళకు దూరదృష్టి లేదండీ. ఆ కత్తెర వల్ల ఒక మనిషి ఎంత ఎత్తు ఎదిగాడో చెబుతాను, అప్పుడు మీరే ఒప్పుకుంటారు.

ఆ మనిషి పేరు సుందర్ రాజ్. అరిజోనాలోని చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. అంతకంటే ముఖ్యం, అక్కడి తెలుగు చర్చికి సంఘ పెద్ద. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాల్లో తెలుగు ఆరాధన జరుగుతుంది. ఆ హాలును వాళ్ళు మనవాళ్ళకు సగం అద్దెకే ఇచ్చారు. కానీ దాన్ని ఎవరూ సబ్సిడీ అనరు, సహవాసం అంటారు.

సుందర్ రాజ్ గారికి తను ఉంటున్న ఇల్లు కాక ఇంకో ఇల్లుంది. దక్షిణ ముఖం ఇల్లు. అది అమ్మకానికి వచ్చినప్పుడు నెలల తరబడి ఒక్క తెలుగువాడు దాని గడప తొక్కలేదు. "మనకి వాస్తూ గీస్తూ ఏంటి బ్రదర్, మనం విశ్వాసులం!" అని సుందర్ రాజ్ గారు దాన్ని చవగ్గా కొట్టేశారు. విశ్వాసమూ బేరమూ ఒకేసారి కలిసిరావడం ఎవరికైనా అరుదే కాబట్టి, ఆ కథ ఆయన ఇప్పటికీ చెబుతుంటారు.

ఆ ఇంట్లో జోసఫిన్ అద్దెకుంటోంది. భర్త పోయాడు. స్కూల్ క్యాంటీన్‌లో పని. కూతురు రూత్ హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉంది. జోసఫిన్ తన జీతంలోంచి తన వాటా తను కట్టేది. మిగతా పెద్ద ముక్కను ప్రభుత్వ హౌసింగ్ ఆఫీసువాళ్ళు నేరుగా సుందర్ రాజ్ గారి బ్యాంకు ఖాతాలో వేసేవాళ్ళు. ఒకటో తారీఖు రావడం ఆలస్యం, డబ్బు వచ్చి కూర్చునేది. ఆ ఇంటి లోను దాంతోనే తీరుతూ వచ్చింది.

ఏటా చర్చి వార్షికోత్సవంలో సుందర్ రాజ్ గారు మైకు పుచ్చుకుని సాక్ష్యం చెబుతారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. కొందరు తాము దేవుడికి చేసిన మేలు కూడా అందులోనే కలిపేస్తుంటారు.

"భర్తను కోల్పోయిన ఒక సహోదరికి నీడ ఇవ్వమని ప్రభువు నా హృదయాన్ని ప్రేరేపించాడు. అద్దె సంగతి నేను ఆలోచించలేదు. నీడ ఇచ్చాను!"

హాలంతా స్తోత్రాలు మార్మోగేవి. అందరూ తిరిగి మూడో వరసలో ఉన్న జోసఫిన్ వైపు చూసేవాళ్ళు. ఆవిడ కూడా "ఆమెన్" అనేది, కాస్త చిన్న గొంతుతో. పక్కన రూత్ తల వంచుకుని ఫోన్ చూసుకునేది.

అద్దె సంగతి ఆలోచించలేదన్న మాట అబద్ధమేం కాదు సుమండీ! ఒకటో తారీఖున దానంతటదే వచ్చి పడేదాని గురించి ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

అటువంటి సుందర్ రాజ్ గారికి ఉచితాలంటే ఒళ్ళుమంట. ఆరాధన అయ్యాక చర్చిలో భోజనాలు పెడతారు, దాన్ని ప్రేమ విందు అంటారు. ఆ క్యూలో ప్లేటు పట్టుకుని నిలబడి ఆయన రాజకీయం మాట్లాడేవారు. "మనం కష్టపడి ట్యాక్సులు కట్టాలి, వీళ్ళు కూర్చుని తినాలి. ఈ ఫ్రీబీస్ కట్ చేస్తే గానీ కంట్రీ బాగుపడదు బ్రదర్!" అంటూ ఇంకో ముక్క వేయించుకునేవారు. ఆయన కంపెనీకి ప్రభుత్వం ఇస్తే ప్రోత్సాహకం. ఆయన ఇంటి లోను వడ్డీకి ట్యాక్సులో తగ్గిస్తే ప్లానింగ్. జోసఫిన్ అద్దెకు ఇస్తే మాత్రం ఉచితం! ఈ తేడాలు తెలియాలంటే సొంతిల్లుండాలి.

హౌసింగ్ సాయానికి కోత పడుతుందన్న వార్త వచ్చింది. ఆయన ఆనందం పట్టలేకపోయారు. ఆ ఆదివారం ప్రేమ విందు ఖర్చు తనదేనని ప్రకటించారు. మటన్ బిర్యానీ! భోజనం ముందు ప్రార్థన కూడా తనే చేశారు. "ప్రభువా, ఈ దేశానికి ఇప్పటికైనా కష్టపడే బుద్ధి ఇచ్చినందుకు నీకు స్తోత్రం!"

పక్కనున్న భార్య నవోమి మోచేత్తో పొడిచింది. "ఏవండీ, మన రెండో ఇంటికి వచ్చేది కూడా ఆ డబ్బే కదా?"

"అబ్బా, అది సిస్టర్‌కి వచ్చే హెల్ప్. మనకొచ్చేది రెంట్," అన్నారాయన.

నవోమికి తేడా అర్థం కాలేదు. ఆవిడ అకౌంటెంటు. బిర్యానీ మాత్రం బాగా కుదిరింది.

మరుసటి నెల ఒకటో తారీఖు వచ్చింది. డబ్బు రాలేదు. బ్యాంకువాళ్ళ తప్పేమోనని సుందర్ రాజ్ గారు బ్యాంకుకు ఫోన్ చేశారు. వాళ్ళు తమ తప్పేం లేదన్నారు. హౌసింగ్ ఆఫీసుకు చేశారు.

"మీ సాయం ఆగిపోయింది సార్. ముందే తెలియజేశాం కదా," అంది అవతలి అమ్మాయి.

"నా సాయం కాదమ్మా! మా టెనెంట్ సాయం!"

"పేరు ఆవిడది సార్. పేమెంట్ వెళ్ళింది మీకు."

సుందర్ రాజ్ గారు ఫోన్ పెట్టేసి, కారు తీసి దక్షిణ ముఖం ఇంటికి బయల్దేరారు.

ఇక్కణ్ణుంచి చూడండి కోత చేసిన మేళ్ళు! మొదటిది, ఓనరు తన ఇల్లు తను చూసుకోవడం. ఇన్నేళ్ళూ ఆయనకు అటు వెళ్ళే పనే పడలేదు. ఏటా హౌసింగ్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వెళ్ళి ఏసీ చల్లబరుస్తోందా, పొగ వస్తే అలారం మోగుతోందా అని చూసి చెబితే, ఈయన రిపేరు మనిషిని పంపేవారు. ఇప్పుడు సబ్సిడీ పోయింది, దాంతోపాటు ఇన్‌స్పెక్టరూ పోయాడు. అరిజోనా ఎండల్లో అద్దెకున్నవాళ్ళ ఏసీ గురించి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇంతకంటే స్వేచ్ఛ ఏ దేశంలో ఉంది చెప్పండి?

జోసఫిన్ తలుపు తీసి ఆశ్చర్యపోయింది. "వందనాలు బ్రదర్ గారూ! ఇన్నాళ్ళకి మా ఇంటికొచ్చారు. రండి, కూర్చోండి." టీ పెట్టింది. లోపల ఉక్కపోతగా ఉంది. ఏసీ రొద పెడుతోంది గానీ గాలి చల్లగా రావడం లేదు. సుందర్ రాజ్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"సిస్టర్, అద్దె విషయం..."

"నా వాటా వేశానండీ, ఎప్పట్లాగే."

"అది వచ్చింది. మిగతాది రాలేదు."

"మిగతాది నా చేతికి ఎప్పుడూ రాలేదు కదండీ, మీకే వచ్చేది." ఆవిడ టీ కప్పు ఆయన ముందు పెట్టింది. "అంత నేను తేలేనండీ. ఇంకోచోట సాయంత్రం పూట పని అడిగాను, వస్తే కొంచెం పెంచి ఇస్తాను. రూత్ చదువు మే నెలలో అయిపోతుంది. అందాకా మమ్మల్ని కదిలించకండి బ్రదర్ గారూ. ఇప్పుడు పొమ్మంటే మాకు ఇల్లిచ్చేదెవరు?"

లోపల్నుంచి రూత్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అంకుల్, మాకు షెల్టర్ ఇచ్చింది మీరే కదా? ఎవ్రీ ఇయర్ స్టేజ్ మీద చెప్తారు. సో, గవర్నమెంట్ కట్ చేస్తే ఏం చేంజ్ అయింది?"

అమెరికాలో పుట్టిన పిల్లలకు పెద్దల దగ్గర ఏం అడగాలో, ఏం అడక్కూడదో ఎవరు నేర్పుతారండీ! సుందర్ రాజ్ గారికి టీ కొరబోయింది. దగ్గు తగ్గాక, "మీకు మంచి ఇల్లు దొరకాలని నేనూ ప్రార్థన చేస్తాను సిస్టర్. నెలాఖరు దాకా టైమ్ తీసుకోండి," అన్నారు. ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఇంతకంటే భక్తిగల పద్ధతి నేనెక్కడా వినలేదు.

కోత చేసిన రెండో మేలు మతసామరస్యం! కొత్తవాళ్ళ కోసం ఆయన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారు. విశాలమైన ఇల్లు, మంచి స్కూళ్ళు, ఇండియన్ గ్రోసరీ దగ్గర, గుడి ఇంకా దగ్గర! గుడి ఎటువైపుందో ఆయనకు తెలియదు, ఆఫీసులో కనుక్కుని మరీ రాశారు.

రఘు, చాముండేశ్వరి అని ఓ కుర్ర దంపతులు చూడ్డానికి వచ్చారు. లోపలికి రాకుండా డ్రైవ్‌వేలోనే నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచారు.

"అంకుల్, ఇది సౌత్ ఫేసింగ్ కదా?" అంది చాముండేశ్వరి.

"అదంతా మూఢనమ్మకం తల్లీ!"

"మాకూ నమ్మకం లేదండీ, మా అత్తగారికే. కానీ అసలే లేఆఫ్‌లు అవుతున్నాయి. ఈ టైమ్‌లో ఎందుకొచ్చిన రిస్క్ చెప్పండి?"

తర్వాత ఇంకొకరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొకరు. అందరి చేతుల్లోనూ దిక్సూచే. చివరికి సంఘ పెద్ద సుందర్ రాజ్ గారు ఇంటి పక్క సందులోకి నడిచి, "ఇదిగో, సైడ్ గేటు తూర్పు వైపుంది. ఇట్నుంచి రాకపోకలు పెట్టుకుంటే దోషం ఉండదట," అని చెప్పే స్థితికి వచ్చారు. అయినా ఒక్కరూ ఒప్పుకోలేదు. తెలుగువాళ్ళు కానివాళ్ళయినా వస్తారేమో అనుకుంటే, చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ళు మొదటి నెలలు ఫ్రీ అని బోర్డులు పెట్టారు. ఆ ఫ్రీ మాత్రం ఎవరికీ కంపరంగా లేదు.

అవతల జోసఫిన్ కూడా ఇళ్ళు చూస్తోంది. ప్రతిచోటా అప్లికేషన్‌కు ఫీజు కట్టించుకుని, జీతం చాలదని పంపించేస్తున్నారు. పని నుంచి వచ్చాక గిన్నెలు ఒక్కొక్కటే అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఆ పెట్టెలు ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఆవిడకు తెలియదు. రూత్ స్కూల్లో అడ్రస్ మార్పించాలంటే ఏ అడ్రస్ రాయాలని తల్లిని అడిగింది. ఆ పిల్ల ఏడ్చిందని, తల్లి ఏడవలేదని వాళ్ళను చూసొచ్చిన నవోమి చెప్పింది.

నెలలో ఆఖరి ఆదివారం. ఆరాధనలో ప్రార్థన మనవుల సమయం, అంటే ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకునే వేళ. సుందర్ రాజ్ గారు లేచి, "ఒక ఆర్థికపరమైన విషయం గురించి ప్రార్థించండి. వివరాలు ప్రభువుకు తెలుసు," అని కూర్చున్నారు.

మూడో వరసలో జోసఫిన్ లేచింది.

"బ్రదర్ గారు మొహమాటపడుతున్నారు, నేను చెప్తానండీ. ఇన్నేళ్ళూ వారి రెండో ఇంటి లోను గవర్నమెంటు కట్టింది. ఇప్పుడు ఆ హెల్ప్ ఆగిపోయింది. నాకేం, నా వాటా నేను ఎప్పుడూ కట్టుకున్నాను, ఎక్కడికెళ్ళినా కట్టుకుంటాను. శుక్రవారం ఖాళీ చేస్తున్నాం, ఎక్కడికో ఇంకా తెలీదు. కానీ బ్రదర్ గారికి హెల్ప్ లేకుండా బతకడం అలవాటు లేదు. సంఘమంతా వారి కుటుంబం కోసం ప్రార్థన చెయ్యాలని నా మనవి."

ఆవిడ ఈ మాట అమాయకంగా అందా, వెటకారంగా అందా అని నేను చాలామందిని అడిగాను. ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

పాస్టర్ సత్యం గారు కల్మషం లేని మనిషి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "అయ్యయ్యో, మన సుందర్ రాజ్ గారు ఇంత ఇబ్బందిలో ఉన్నారా? మనకు తెలియనేలేదే! ఇప్పుడే వారి కోసం ప్రేమ కానుక వేద్దాం," అన్నారు. కష్టంలో ఉన్నవాళ్ళ కోసం చర్చిలో అప్పటికప్పుడు వేసే చందానే ప్రేమ కానుక.

కానుకల సంచి వెనక వరసలోంచి బయల్దేరింది. బిర్యానీ తిన్నవాళ్ళందరూ తలో నోటూ వేశారు. జోసఫిన్ వేసింది. రూత్ కూడా పర్సు తీసి వేసింది. సంచి చేతులు మారి మారి మొదటి వరసకు వచ్చింది. దాన్ని అందుకుని, లేచి నిలబడి, దాని మీద ప్రార్థన చెయ్యాల్సింది ఎవరు? సంఘ పెద్ద!

సుందర్ రాజ్ గారు సంచి పట్టుకుని నిలబడ్డారు. "ప్రభువా..." అన్నారు. నవోమి ఈసారి మోచేత్తో పొడవలేదు, పైకప్పుకేసి చూస్తూ కూర్చుంది. ఆయనకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవుల దాకా మంటెత్తిపోయింది. ఇన్నేళ్ళ సాక్ష్యాలు వరసగా గుర్తొచ్చాయి, మూడో వరసలోంచి వినిపించిన ఆ చిన్న గొంతు ఆమెన్‌లతో సహా.

"సిస్టర్, ఖాళీ చెయ్యొద్దు," అన్నారు కళ్ళు తెరిచి. "మీ వాటా చాలు. రూత్ చదువు అయ్యాక చూద్దాం."

"చూద్దాం ఏంటి?" అంది నవోమి కూర్చున్నచోటు నుంచే.

"ఉండండి సిస్టర్. ఉన్నన్నాళ్ళూ ఉండండి," అన్నారాయన. సంచి తీసుకెళ్ళి జోసఫిన్ చేతిలో పెట్టబోయారు.

ఆవిడ తీసుకోలేదు. "దీంతో ఏసీ బాగు చేయించండి బ్రదర్ గారూ," అంది.

ఆ తర్వాత వచ్చిన వార్షికోత్సవంలో సుందర్ రాజ్ గారు మళ్ళీ మైకు అందుకున్నారు. "ఒక సహోదరికి నీడ ఇచ్చాను. అద్దె సంగతి ఆలోచించలేదని ఇదివరకు చెప్పాను. ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖునా ఆలోచిస్తున్నాను. అయినా ఇస్తున్నాను," అన్నారు. మూడో వరసలోంచి వచ్చిన ఆమెన్‌కు హాలు అదిరిందట.

చూశారా! ఒక మనిషి చేత నిజమైన సాక్ష్యం చెప్పించింది సబ్సిడీ కోత. దీన్ని వరం అనక ఏమంటారు?

కాకపోతే పైవాళ్ళకు ఒక చిన్న మనవి. ఆ పక్క వీధిలో కోత పడ్డ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటి ఓనర్లు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళకీ లోన్లున్నాయి. కానీ అవి తూర్పు ముఖం ఇళ్ళు. వారం తిరక్కుండా కొత్తవాళ్ళు పాలు పొంగించుకుని దిగిపోయారు. ఖాళీ చేసినవాళ్ళలో ఒక కుటుంబం గ్రోసరీ షాపు పార్కింగ్‌లో కారులోనే ఉంటోంది, వెనక సీట్లో పిల్లల స్కూల్ బ్యాగులతో. వాళ్ళకు మూడో వరస లేదు, మైకు లేదు.

అందుకని అయ్యా, సాయం ఇవ్వలేకపోతే మానెయ్యండి. కోత పడ్డ ప్రతి ఇంటికీ కనీసం ఒక దక్షిణ ద్వారమైనా పెట్టించండి.