బావగారి ముత్తవ్వ సంకెళ్ళు

“మా కోటలో ప్రతి రాయీ ఇప్పటికీ ఏడుస్తూనే ఉంది” అని మా బావగారు కొబినా అన్సా మైకులో ప్రకటించారు.

ఒకప్పుడు మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించిన కోట అది. రాళ్ళ సంగతి నాకు తెలియదు. ఆయన మాత్రం సముద్రం అవతలి నుంచి యాత్రకి వచ్చే ఆ బానిసల వారసుల బస్సు ఆగగానే ఏడుపు మొదలుపెట్టి, బస్సు కదలగానే ఆపేవారు.

ఆ రోజు ఏడుపు ఇంకాస్త ముందుకు పోయింది. తన తల్లి వైపు ముత్తవ్వని ఇదే కోటలో సంకెళ్ళు వేసి ఉంచారనీ, ఓడ ఎక్కించే లోపు మా ఊరివాళ్ళు బానిసగా కొనుక్కున్నారనీ, తాను ఆ బానిస సంతానమనీ చెప్పారు. యాత్రికుల నాయకురాలు లోరెటాగారు ఆయన్ని కౌగలించుకుని, “అన్నా, ఇకమీదట మావాళ్ళంతా మీ ఇంట్లోనే దిగుతారు” అన్నది.

ఆ ‘మీ ఇల్లు’ నేనుంటున్న ఇల్లు. కోటకి ఎదురుగా, పోయిన మా ఆయన కట్టింది. పెరట్లో నేను చేపలు పొగబెట్టే మట్టి పొయ్యిలున్నాయి. అయితే మాలో మగవాడు పోతే ఇల్లు పెళ్ళానికి రాదు, అతని తల్లి వంశానికి పోతుంది. మా ఆయన వంశానికి పెద్ద బావగారే.

“ఎఫువా, ఇల్లు ఖాళీ చేసి ఆ పొయ్యిలు పీకించెయ్. పొగకి అతిథులు దగ్గుతారు” అన్నారు మర్నాడు.

“నేనెక్కడికి పోను బావగారూ?”

“చరిత్ర కోసం తలా కాస్త త్యాగం చెయ్యాలమ్మా.”

“మీరేం చేస్తున్నారు?”

“ఏడవట్లా?”

తగవు నానా కొలువుకి వెళ్ళింది. నానా అంటే మా ఊరి రాజు. మా ఆచారాలు కళ్ళారా చూస్తానని లోరెటాగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆవిడ కోసం ఆ రోజు కొలువు ఆవిడకి అర్థమయ్యే భాషలోనే నడిచింది. కొలువులో ఎవరూ రాజుతో నేరుగా మాట్లాడరు. బంగారు పిడి కర్ర పట్టుకున్న వాక్కుపెద్ద ప్రతి మాటనీ మర్యాదగా దిద్ది వినిపిస్తాడు.

మాలో ఇంకో ఆచారం ఉంది. ఒకరి పుట్టుపూర్వోత్తరాలు మరొకరు ఎత్తకూడదు. ఎత్తితే గొర్రెని జరిమానాగా కట్టాలి. నాకు గొర్రె లేదు, అందుకని ఎత్తలేదు.

“నానా, బావగారి దుఃఖం విన్నప్పటి నుంచీ నా కడుపు తరుక్కుపోతోంది. మైకులో చెప్పిన ఆ మాటే తమ ముందు కూడా ఒక్కసారి చెప్పమనండి. ఇల్లు ఇచ్చేస్తాను” అని వాక్కుపెద్ద ద్వారా విన్నవించాను.

మాలో బానిసగా కొన్న ఆడమనిషి సంతానాన్ని వంశంలో కలుపుకుంటారు, కడుపునిండా పెడతారు, గౌరవంగా పూడుస్తారు. వంశపెద్దగా మాత్రం కూర్చోనివ్వరు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు, లోరెటాగారికి తప్ప.

“చెప్పు నాయనా, మైకు తెప్పించాలా?” అంది వెనక నుంచి ఒక ముసలామె.

బావగారు లోరెటాగారి వైపు చూశారు. ఆమె అప్పుడే చేతిరుమాలు తీసి సిద్ధంగా ఉంది. ఆయన గబగబా మా ఫాంటీ భాషలోకి దిగారు.

“నానా, ఆ మాట బస్సువాళ్ళ కోసం చెప్పింది. మేము అమ్ముడుపోయినవాళ్ళం కాదు, అమ్మినవాళ్ళం. ఈ కోటకి మనుషుల్ని తోలిందే మా తాతముత్తాతలు. మాది అంత గొప్ప వంశం!”

“అన్న ఏమంటున్నాడు? నాకూ అర్థమయ్యేలా చెప్పండి” అంటూ లోరెటాగారు లేచి నిలబడింది.

వాక్కుపెద్ద గొంతు సవరించుకున్నాడు. బావగారు అతని వస్త్రం అంచు పట్టుకుని లాగి, “ఇల్లు నాకొద్దని చెప్పు, ఇంకేం చెప్పకు” అని గొణిగారు. వాక్కుపెద్ద నానా వైపు చూశాడు. నానా తల ఊపాడు.

“అమ్మా, ఈయన తన ముత్తవ్వ ఆత్మశాంతి కోసం ఆ ఇల్లు మరదలికి శాశ్వతంగా వదిలేశారు.”

లోరెటాగారు వెక్కి వెక్కి ఏడ్చింది. బావగారూ ఏడ్చారు. ఈసారి బస్సు కదిలి వెళ్ళిపోయాక కూడా ఆపలేదు.