పెద్దవారి పొట్టకు పది పొట్లాలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు ఉద్యోగానికి పరిగెత్తే ముందు, పొట్లాల డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టి మామగారికి అప్పగించడం.

"మామయ్యగారూ, రోజుకొకటి. చల్లటి దాంట్లో కలపాలి, వేడి తగలకూడదు. మర్చిపోకండేం!" అంటూ చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

ఎవరికన్నది చెప్పలేదు. నెల్లాళ్లుగా ఆమె బుర్రంతా పిల్లే. అత్తగారు పోయేముందు చేతిలో పెట్టిన పిల్లి అది. పేరు దొరసాని, వయసు పద్నాలుగు. అరుగుదల చెడి చిక్కిపోతుంటే, పశువుల డాక్టరు పేగులకు మేలుచేసే సూక్ష్మజీవుల పొడి ఇచ్చాడు. డబ్బా మీద కాంపౌండరు రాసిందీ అంతంతమాత్రమే: 'వయసు మళ్లినవారికి. పొట్టకు.'

రిటైరైన రైల్వే గార్డు మామగారు అది రెండుసార్లు చదివి, కళ్లు తుడుచుకుని, పెరుగు గిన్నె అందుకున్నారు.

రోజూ మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసేది.

"పొడి కలిపారా?"

"కలిపానమ్మా."

"మొత్తం ఖాళీయేనా?"

"గిన్నె కడగక్కర్లేదు."

"పొట్ట ఎలా ఉంది?"

"హాయిగా ఉంది తల్లీ! ఎన్నాళ్ల బాధో తీరింది."

సాయంత్రం ఇంటికొచ్చి పిల్లి దొడ్డికి వెళ్లే ఇసుక తొట్టె చూస్తే హాయి ఛాయలు ఎక్కడా లేవు. మామగారికి చూపు మందగించిందనుకుని కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన చిట్టచివరి వరుస గడగడా చదివేశారు. అయితే మతిమరుపేనని బెంగపడి ఆడపడుచుకు ఫోన్ చేసింది. ఆవిడ సూట్‌కేసుతో దిగి, తండ్రిని ఇవాళ్టి తేదీ అడిగింది. ఆయన తేదీతోపాటు ఆవిడ పుట్టిన రోజున ఏ రైలు ఎంత ఆలస్యమైందో కూడా చెప్పారు.

పదోరోజు దొరసాని లేవలేదు. ముగ్గురూ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి ఉరికారు.

"పొడి దేంట్లో కలుపుతున్నారు?" అన్నాడు డాక్టరు.

"పెరుగులోనండీ," అన్నారు మామగారు.

"పిల్లి తింటోందా?"

"నా పెరుగు పిల్లికెందుకు పెడతానండీ?"

డాక్టరు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

"నాకోసం తెచ్చావనుకున్నానమ్మా," అన్నారు మామగారు, గొంతు తగ్గించి. "నా కడుపునొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. అయినా కనిపెట్టావే అని రోజూ నిన్ను తలుచుకుని మింగాను."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆయన నొప్పి తను గమనించనే లేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

"మందు పనిచెయ్యకపోవడం కాదు, ఇంకా మొదలే కాలేదు. ఇది శుభవార్తే," అన్నాడు డాక్టరు. దొరసానికి సెలైన్ ఎక్కించి, కొత్త డబ్బా విప్పి తొలి పొట్లం తన చేత్తోనే తినిపించాడు.

మూడు వారాలకు దొరసాని కిటికీ ఎక్కింది. ఆ ఉదయం కోడలు ఇసుక తొట్టె చూసి, జీవితంలో మొదటిసారి అలాంటి దానికి దండం పెట్టింది.

మామగారిని మనుషుల డాక్టరుకు చూపించారు. ఆయనకూ అలాంటి పొడే రాశారు. రుచి మాత్రం పిల్లిదే బాగుందని మామగారి అభిప్రాయం.