అయిదు దగ్గుల పులి

ఒక పెద్ద అడవిలో పులి లేదు. ఒకప్పుడు ఉండేవాడు, అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఏటి అవతల అడవిదున్నలు బలిశాయని విని వెళ్ళాడు, మూడు వానాకాలాలు గడిచినా తిరిగి రాలేదు. అడవి హాయిగా ఉంది. హాయి ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు, అందరికీ విసుగు పట్టుకుంది.

ఆ అడవిలో దూదిరాజు అనే కుందేలు ఉండేవాడు. పాటగాడు. గొంతు మంచిదే, కానీ అతను పాడుతుంటే జింకలు మేత మానేవి కావు, అడవి పెద్ద ఎలుగుబంటి గురక ఆపేవాడు కాడు. చుక్కమ్మ అనే ఆడజింక ఒక్కతే చివరిదాకా కూర్చునేది. "బాగుంది అన్నయ్యా, కాస్త పొట్టిగా ఉంటే ఇంకా బాగుండేది" అనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అడవంతా చెవులు నిక్కించి తన గొంతు వినాలన్నది దూదిరాజు కోరిక. చిన్న కోరికలే కొంపలు ముంచుతాయి.

ఒకరోజు పాటకు ఆలస్యమవుతోందని పరుగెత్తి జేగురుమట్టి గుంటలో పడ్డాడు. లేచి, ఒళ్ళు తుడుచుకుందామని కాలిన మోడుకు రుద్దుకున్నాడు. ఎర్రమట్టి మీద నల్లచారలు పడ్డాయి. ఆ ఒంటితోనే సభలోకి వచ్చేసరికి చెట్టు మీది కొండముచ్చు మాణిక్యం దగ్గాడు.

ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పాలి. చెట్టు చివర కాపలా కూర్చునే కొండముచ్చు ఒకసారి దగ్గితే నక్క, రెండుసార్లు దగ్గితే చిరుత, మూడుసార్లు దగ్గితే పెద్దపులి. మూడో దగ్గు విన్నాక ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, పరుగే.

ఆ రోజు మూడూ పడ్డాయి. అడవి ఖాళీ అయింది.

కాసేపటికి జింకలు పొదల్లోంచి తలలు బయటపెట్టాయి. పులిచారల పైన రెండు పొడుగు చెవులు కనిపించాయి. గుండెలు దడదడలాడుతున్నాయి గానీ ఎవరూ చావలేదు. ఇంత సుఖం వాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఎరగరు.

"మళ్ళీ ఎప్పుడన్నయ్యా?" అని అడిగింది చుక్కమ్మ.

అలా పుట్టింది పులిగోరు బృందం. పాట దూదిరాజుది, దరువు ముళ్ళపంది సూదయ్యది. సూదయ్య ఒళ్ళు విదిల్చి ముళ్ళు గలగలలాడించేవాడు. పాటంటే పాట కాదు, "పులి వచ్చింది, పారిపోండి!" అని అరుపు. ఆఖర్న దూదిరాజు నాగజెముడు పండు కొరికి ఎర్రటి రసం గడ్డం మీదుగా కార్చుకునేవాడు. అది చూసి జింకలు మూర్ఛపోయేవి. తేరుకున్నాక, "మళ్ళీ కార్చు" అనేవి.

పులి పోయినప్పటినుంచి మాణిక్యం దగ్గుకు గిరాకీ లేదు. టేకాకుల మీద 'అడవి దగ్గు' అని ఒక పత్రిక పెట్టి, ఏ చెట్టు పూసింది, ఏ చెట్టు కాసింది అని రాసుకుంటూ బతుకుతున్నాడు. జింకలు దాన్ని చదవకుండానే నమిలేవి. ఇప్పుడతనికి చేతినిండా పని దొరికింది. "పులిగోరు ప్రదర్శన: నాలుగు దగ్గులు" అని రాశాడు. మర్నాటికి అయిదు చేశాడు. మూడంటే పెద్దపులి. అయిదంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి అడవి అడవంతా కదిలి వచ్చింది.

ఆ వారమే "దూదిరాజు సభలో కౌజుపిట్టను పచ్చిగా నమిలాడు" అని రాశాడు. నమలబడ్డ కౌజుపిట్ట రుసరుసలాడుతూ వచ్చింది.

"నేను బతికే ఉన్నానని రాయవయ్యా!"

"బతికున్నవాళ్ళ సంగతి ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు మాణిక్యం.

ఎలుగుబంటి ఆ ప్రదర్శన ఎవరూ చూడకూడదని ఆజ్ఞ వేశాడు. ఎందుకు చూడకూడదో తెలుసుకోవడానికి తాను మూడుసార్లు చూశాడు.

ప్రదర్శన ఎక్కడో తెలియడానికి దూదిరాజు సూదయ్య ముల్లు ఒకటి తీసుకుని చెట్ల మీద పులిగోళ్ళ గీతలు గీసేవాడు. అభిమానులు ఆ బెరడు ఊడదీసి ఇళ్ళకు పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఇది చూసి వడ్రంగిపిట్ట వీరాచారి రంగంలోకి దిగాడు. ముక్కుతో నాజూగ్గా ఒలిచి, అంచులు చెక్కి, దూదిరాజు పాదముద్ర వేయించి, దోసెడు ఇప్పపువ్వుకు ఒకటి చొప్పున ఇచ్చేవాడు. బెరడు లేని ఇంటికి పిల్లనివ్వడం కూడా మానేశారు. చుక్కమ్మ తన పొదనిండా అవే పేర్చుకుంది.

గిరాకీకి సరుకు చాలక వీరాచారి ఏటి ఒడ్డుకు పోయి, లోతైన గీతలున్న బెరళ్ళు మోపు కట్టి తెచ్చాడు. దూదిరాజు ఒకటి వాసన చూశాడు. చెవులు వెనక్కి వాలిపోయాయి.

"ఆచారీ, ఇవి నేను గీసినవి కావు. పెద్దాయన పొలిమేర గుర్తులు. ఇవి చూసే మనం అటు పోయేవాళ్ళం కాదు, ఇవి దాటి ఆయన ఎప్పుడో గానీ ఇటు వచ్చేవాడు కాదు."

"పాతకాలపు సరుకయ్యా! నీ గీతలకు ఇంత గిరాకీ లేదు. పాదం వెయ్యి, నీవే అవుతాయి."

దూదిరాజు చుట్టూ చూశాడు. చుక్కమ్మ, ఆమె వెనక అడవంతా వరస కట్టి ఉంది. అందరూ చెవులు నిక్కించి తన మాట కోసమే చూస్తున్నారు. కాదని ఎలా అంటాడు? పాదం వేశాడు. మోపంతా వేశాడు.

ఏటి అవతల దున్నలు అయిపోయి పెద్దాయన తిరిగొచ్చాడు. చూస్తే తన చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. తన వాసన మాత్రం జింకల పొదల వైపునుంచి గుప్పున కొడుతోంది. నా వాసన ఎక్కడుంటే అదే నా ఇల్లనుకుని నేరుగా అటే నడిచాడు.

ప్రదర్శన మంచి ఊపులో ఉంది. చెట్టు మీది మాణిక్యం ఆయన్ని చూసి కళ్ళు తేలేశాడు. తాతలనాటి అలవాటు ఎక్కడికి పోతుంది? మూడుసార్లు దగ్గాడు.

"మూడేనా?" అంది ఒక జింక. "ఎవరో కొత్తవాళ్ళలా ఉంది. రాను రాను నేర్చుకుంటారులే."

ఎవరూ కదల్లేదు. సూదయ్య ముళ్ళు విప్పుకుని బండకిందికి దూరాడు. అదీ ఆటే అనుకున్నారు.

"పులి వచ్చింది, పారిపోండి!" అని దూదిరాజు అరిచాడు. సభంతా చప్పట్లు.

"నిజం పులి, బాబూ! నిజంగా వచ్చింది!"

"ఇవాళ కొత్త మాటలు కలిపాడు," అని మెచ్చుకున్నాడు ఎలుగుబంటి.

దూదిరాజు ఏడుస్తూ ముఖం మీది మట్టి గీకేసుకున్నాడు. "నేను కుందేలునమ్మా! పులి ఆయన!"

"వేషం తీసేశాక చూడటానికేముంది?" అని జింకలన్నీ పెద్దాయన వైపు తిరిగాయి.

పెద్దాయన ఆవులించాడు. జింకలు పారిపోలేదు, దగ్గరికొచ్చి కోరలు లెక్కపెట్టాయి. ఒకతె జ్ఞాపకంగా ఉంటుందని మీసం పీక్కుంది. పెద్దాయన తన జన్మలో అంత ఇబ్బంది పడలేదు. అంతమందిలో తనను చూసి వణుకుతున్నవాడు మాణిక్యం ఒక్కడే. పైకి చూసి ఒక్క గాండ్రింపు గాండ్రించాడు. మాణిక్యం పట్టు తప్పి మాగిన పండులా రాలాడు. పెద్దాయన అతని మెడ కరుచుకుని పొదల్లోకి వెళ్ళిపోయాడు.

సభంతా లేచి నిలబడింది. "పత్రికాయన్ని కూడా ఆటలోకి తీసుకున్నాడు! ఇదీ ఆటంటే!"

మర్నాడు పత్రిక మాణిక్యం బావమరిది చేతికొచ్చింది. "పది దగ్గులు. మా బావగారు ఇంకా ఆ ఆట నుంచి తేరుకుని ఇంటికి రాలేదు" అని రాశాడు.

జింకలు బెరళ్ళు పట్టుకుని పాదముద్ర కోసం పెద్దాయన గుహకు బయలుదేరాయి. పొద్దున వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళను లోపలికి పిలిచాడట, ఎంత అదృష్టమోనని మిగిలినవాళ్ళు కుళ్ళుకున్నారు.

దూదిరాజు చుక్కమ్మ దారికి అడ్డంగా పడుకున్నాడు. "వెళ్ళకమ్మా. నీకు దణ్ణం పెడతాను. అది వేషం కాదు."

"నీ ఆట పడిపోయిందని కడుపుమంట, నాకు తెలుసన్నయ్యా," అంది చుక్కమ్మ జాలిగా. "నీ బెరళ్ళు కూడా ఉంచుకుంటానులే, పారెయ్యను." అతన్ని ఒక్క గంతులో దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రందాకా దూదిరాజు ఆ దారిలోనే కూర్చున్నాడు. చుక్కమ్మ రాలేదు. దూదిరాజు గుండెలవిసేలా ఏడ్చాడు. తన పాదంతో తానే ఆమెను పంపానని ఏడ్చాడు. గుహకు పోతున్న ఒక జింక ఆగి కాసేపు విని, "ఇదీ బాగానే ఉంది, ఎన్ని దగ్గులు?" అని అడిగి వెళ్ళింది.

నీతి: పులి వస్తే వెంటనే పరుగెత్తండి, ఆలస్యమైతే ముందు వరసలో చోటు దొరకదు.