మంత్రిగారికి మంజూరైన చదువు సాయం

"డబ్బు లేదన్న కారణంతో ఒక్క విద్యార్థి కూడా కాలేజీ గేటు బయట నిలబడిపోవడానికి వీల్లేదు. నిలబడితే నేనూ వాడి పక్కనే నిలబడతాను!" అని మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట పేపర్లోంచి మనవరాలు చదివి వినిపిస్తే నాకు కళ్లు చెమర్చాయి. అంత పెద్దమనిషి, ఎండలో, గేటు దగ్గర!

స్కూలు ఆఖరి ఏడాది పిల్లలు కాలేజీ ఫీజుకి సర్కారు సాయం కావాలంటే కంప్యూటర్లో అప్లై చేసుకోవాలి. ఆ అప్లికేషన్ పిల్లలకు కొరుకుడు పడటం లేదని ఎవరో మంత్రిగారి చెవిన వేశారు. వెంటనే మా మనవరాలి స్కూలు హాల్లో 'చదువు సాయం మహాశిబిరం' పెట్టించారు. అదీ గడువు ముగిసే రోజున. ముందే పెడితే పిల్లలు బద్ధకిస్తారని ఆయన ముందుచూపు.

నాది తాళాలు బాగుచేసే కొట్టు. ఆ రోజు దానికే తాళం వేసి మనవరాల్ని తీసుకుని బయల్దేరాను. తల్లీ తండ్రీ లేని పిల్ల, నేనూ మా ఆవిడా పెంచాం. నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. సాయం వస్తే చేరుతుంది. రాకపోతే నా పక్కన కూర్చుని తాళంచెవులు ఆకురాయితో రాస్తుంది.

శిబిరం ఏర్పాట్లు చూసి తీరాలి. గుమ్మానికి పూల ద్వారం, లోపల వేదిక, వేదిక మీద సోఫాలు. వరసగా కొత్త కంప్యూటర్లు. ప్రతి కంప్యూటరు తెర మీదా మంత్రిగారి నవ్వు మొహం అంటించారు. పిల్లలు కుర్చీల్లో కూర్చుని ఆ నవ్వుని చూస్తూ ఉన్నారు.

ఒక పిల్ల మీటల మీద చెయ్యి వేయబోతే బ్యాడ్జి పెట్టుకున్న కార్యకర్త పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఏయ్! ముట్టుకోకు! సార్ మొదటి మీట నొక్కాలి. అప్పుడే మీరందరూ."

"సార్ ఎప్పుడొస్తారన్నా?"

"దారిలో ఉన్నారు."

మంత్రిగారు పొద్దుట్నుంచీ దారిలోనే ఉన్నారు. మధ్యాహ్నమూ దారిలోనే ఉన్నారు. ప్రజల కోసం ఇంతసేపు దారిలో ఉన్న నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈలోగా ఓపిక లేని పిల్లలు ఒక్కొక్కరే మెల్లగా జారుకుని, రోడ్డుకి అవతల ఉన్న ఇంటర్నెట్ షాపుకి వెళ్లి, అప్లై చేసుకుని ఇళ్లకు పోయారు. మా మనవరాలూ లేచింది. కానీ ఫొటోగ్రాఫర్ దాన్ని ఎగాదిగా చూసి, "మొహం కళగా ఉంది, ఈ అమ్మాయిని ఉంచండి" అన్నాడు. దాంతో అది 'తొలి లబ్ధిదారు' అయిపోయింది. వేదిక మీదకెక్కించి మెళ్లో దండ వేశారు. అటూ ఇటూ ఇద్దరు కార్యకర్తలు నిలబడ్డారు.

"తాతా, టైమైపోతోంది. నేనూ షాపుకి పోతా" అంది.

"ఆగమ్మడూ, సాక్షాత్తూ మంత్రిగారే చేసి పెడుతుంటే షాపువాడెందుకే!" అన్నాను.

గడువుకి కాస్త ముందు మంత్రిగారు వచ్చారు. ఉపన్యాసం క్లుప్తంగా ముగించి, కంప్యూటరు ముందు కూర్చుని, తన మొహాన్ని తనే ఊడదీశారు. చప్పట్లు. కెమెరాలు దగ్గరకు జరిగాయి. 'అప్లై చేసేవారి పేరు' అని తెర మీద వచ్చింది. మంత్రిగారు ఒక్క వేలితో, ఎంతో శ్రద్ధగా, తన పేరు కొట్టారు.

"సార్, అక్కడ నా పేరు..." అంది మనవరాలు.

"ష్! సార్ పనిలో ఉన్నారు" అన్నారు పక్కనున్న సంక్షేమ ఆఫీసరుగారు.

నేను వెనకనుంచి ఆయన చెవిలో అన్నాను: "బాబూ, పేరు తప్పు పడిందేమో చూడండి."

"చూశాను పెద్దాయనా. మంత్రిగారిని దిద్దే అధికారం నాకు లేదు. పైనుంచి ఆర్డర్ రావాలి."

"పైన ఎవరుంటారు బాబూ?"

"మంత్రిగారే."

వయసు దగ్గర కంప్యూటరు కాస్త నసిగింది. ఆఫీసరుగారు తన పాస్‌వర్డ్ కొట్టి దాన్ని ఒప్పించారు. తర్వాత ఆస్తుల వివరాలు వచ్చాయి. ఆఫీసరుగారు మైకులో చదివారు.

"ఇంటిపెద్ద పేరున సొంత ఇల్లు?"

"నాకు ఇల్లెక్కడిదయ్యా! ప్రజల గుండెల్లోనే నా కాపురం!"

చప్పట్లు. 'లేదు' నొక్కారు.

"కారు? పొలం? బంగారం?"

"లేదు. లేదు. ముట్టుకోను కూడా."

"ఏటా వచ్చే ఆదాయం?"

"ప్రజల ప్రేమ!"

ప్రేమ అని కొడితే కంప్యూటరు తీసుకోలేదు. అంకెలే కావాలంది. మంత్రిగారు నిండు మనసుతో సున్నా కొట్టి, ఆఖరి మీట నొక్కారు. తెర మీద 'మీ దరఖాస్తు అందింది' అనీ, ఆ వెంటనే 'గడువు ముగిసింది' అనీ వచ్చింది.

సాయం అందని పిల్లలందరి దరఖాస్తులూ వెళ్లిపోయాయి. సాయం అందిన మా పిల్లదే ఆగిపోయింది. పిల్ల దండ చేత్తో పట్టుకుని ఇంటిదాకా నాకంటే పదడుగులు ముందే నడిచింది. శిబిరం నూటికి నూరుపాళ్లు విజయం అని మర్నాడు పేపర్లో వేశారు.

కొన్నాళ్లకి ఫలితాలొచ్చాయి. మా స్కూలు కేంద్రంలో కడు నిరుపేద కింద మంత్రిగారికి సాయం మంజూరైంది. ఫలానా తేదీలోగా కాలేజీలో చేరాలని ఉత్తరం కూడా వచ్చిందట.

ఆ సాయంత్రమే ఆఫీసరుగారు చెమటలు కక్కుకుంటూ నా కొట్టుకి వచ్చారు.

"పెద్దాయనా, మీరే గట్టెక్కించాలి. సాయం వద్దనడానికి రూల్సులో రెండే కారణాలున్నాయి. మనిషి పోయాడనైనా రాయాలి, ఆస్తి దాచాడనైనా రాయాలి. సార్‌కి రెండూ నచ్చలేదు."

"మొదటిది నాకూ నచ్చలేదు బాబూ."

"ఇంకో దారి ఉంది. తనకంటే పేద విద్యార్థికి త్యాగం చెయ్యొచ్చు. సార్ మీ మనవరాలికి చేస్తారు."

మనవరాలు ఆకురాయి కింద పడేసి లేచి నిలబడింది. దాని మొహం చూసి చాలా రోజులైనట్టనిపించింది నాకు.

ఆఫీసరుగారు కాగితాలు తిరగేసి నీళ్లు నమిలారు. "చిక్కేంటంటే, మీకు రెండు గదుల ఇల్లుంది. ఈ కొట్టుంది. సైకిలుంది. రికార్డు ప్రకారం మీరు మంత్రిగారికంటే బాగా ఉన్నవాళ్లు."

"మరెలా?"

"సార్ ఎలా పేదవారయ్యారో మీరూ అలాగే అవ్వాలి. ఇల్లు మీ ఆవిడ పేరున రాసెయ్యండి. కొట్టు మీ బావమరిది పేరున. సైకిలు దారిన పోయేవాళ్లెవరి పేరునైనా పర్లేదు."

ఆయన దగ్గరుండి కాగితాలన్నీ రాయించారు. అప్లికేషన్‌కి సాయం అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. పొద్దుపోయేసరికి నా పేరున పీల్చే గాలి తప్ప ఏమీ మిగల్లేదు. అన్నీ ఉంచుకుని ఏమీ లేనివాడిలా బతకడం ఎంత కష్టమో తెలిసొచ్చింది. మంత్రిగారు ఇన్నేళ్లుగా ఎలా భరిస్తున్నారో!

"బాబూ, ఆయనా సున్నా, నేనూ సున్నా. ఆయనకంటే పేద ఎలా అవుతాను?" అనడిగాను.

ఆఫీసరుగారు ఆలోచించి, "సార్‌కి మంచి పేరైనా ఉంది. మీకు అదీ లేదు" అని సర్టిఫికెట్ రాసి స్టాంపు కొట్టారు.

త్యాగోత్సవం అదే హాల్లో జరిగింది. మంత్రిగారు తన సాయాన్ని మా మనవరాలికి ధారపోస్తుంటే జనం లేచి నిలబడ్డారు. పిల్ల మంజూరు కాగితం అందుకుని రెండుసార్లు చదువుకుంది. పేరు తనదే. అప్పుడు నవ్వింది. కెమెరాలు మంత్రిగారి వైపు ఉండటంతో ఆ నవ్వు పేపర్లో పడలేదు.

సభ అయ్యాక మంత్రిగారు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"పెద్దాయనా, మీ ఇల్లు ఎవరి పేరున పెట్టారు?"

"మా ఆవిడ పేరున సార్."

ఆయన ఓసారి బయట ఆగి ఉన్న కారు వైపు చూశారు.

"ఆవిడతో మంచిగా ఉండండి" అన్నారు.

బయట కారు వెనక సీట్లో మంత్రిగారి భార్య, మేడమ్‌గారు, కూర్చుని ఉన్నారు. మంత్రిగారు చెప్పులు దులుపుకుని, ముందు తలుపు తీసి, డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నారు.