పన్నెండు కొమ్ముల పెట్టె

ఒక పెద్ద అడవిలో, ఏనుగురాయి గుట్ట మీద, ముప్పై రెండు కాపురాలకి ఒక సంక్షేమ సంఘం ఉండేది. కాపురాలు ముందు వచ్చాయో, సంఘం ముందు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు.

సంఘానికి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లయ్య. మంచివాడే. ఎవరు చివరగా మాట్లాడితే వాళ్లదే నిజమనుకునేంత మంచివాడు. కార్యదర్శి కొండముచ్చు వాలేశ్వరం. అతను ఎప్పుడూ చివరగానే మాట్లాడేవాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే గుట్టకి కొత్త ఇంటర్నెట్ తీగ వచ్చింది. సెకనుకి వెయ్యి మెగాబిట్ల వేగం. ఇంకేముంది, ప్రతి గుహలోనూ ఒక కెమెరా, ప్రతి తొర్రకీ ఫోనుతో తెరుచుకునే తాళం వెలిశాయి. భల్లయ్య కూడా తన తేనె గదికి అలాంటి తాళమే పెట్టించుకున్నాడు. ఇంత గోళ్లతో తాళంచెవి తిప్పే బాధ తప్పిందని మురిసిపోయాడు.

గుట్ట మొదట్లో, గడ్డి దుబ్బులో, కౌజుపిట్ట నూకాలమ్మ కాపురం. ఆమె మొగుడు గుడ్లు పెట్టేదాకా ఉండి, పక్క గుట్టలో కచేరీ ఉందని చెప్పి వెళ్లాడు. కచేరీ ఇంకా అవలేదు. గూట్లో ఆరు గుడ్లు. మేతకి వెళ్లినప్పుడల్లా నూకాలమ్మ ఫోనులో గూడు చూసుకుంటూ రెండు గింజలు తిని పరుగెత్తుకొచ్చేది.

ఒకరోజు అలా చూస్తుండగానే గూటి కెమెరా దానంతటదే పక్కకి తిరిగింది. ఫోనులో ఉత్త గడ్డి కనపడింది. ఆమె పరుగున వచ్చేసరికి గుడ్లు నాలుగే ఉన్నాయి. దుబ్బంతా పునుగుపిల్లి వాసన.

నూకాలమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్లి పందికొక్కు తవ్వయ్యని పిలుచుకొచ్చింది. గుట్టంతా సొరంగాలు తవ్వి తీగలు వేసింది తవ్వయ్యే. అయినా పందికొక్కు కదా, ఎవరూ ఇంట్లోకి రమ్మనరు. ధాన్యం గాదెల మీద మూత వేసి, ఆ తర్వాత వాకిట్లోంచే మాట్లాడతారు.

తవ్వయ్య కెమెరా చూశాడు, తీగ చూశాడు, మీసాలు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఎవడో బయట కూర్చుని నీ కెమెరాలోకి వస్తున్నాడు. నువ్వు ఏ వేళకి మేతకి వెళ్తావో చూసుకుంటున్నాడు."

"అంటే వాడు ఇన్నాళ్లూ నా గూట్లోనే ఉన్నాడా బాబాయ్?"

"ఉన్నట్టే. తీగ లోపలికొచ్చేచోట మన సంఘం రౌటర్ ఉంది చూశావా, ముప్పై రెండు ఇళ్లకీ అదే వీధి గుమ్మం. గుమ్మం ఉంది గానీ కాపలా లేదు. వచ్చే ప్రతివాణ్ణీ ఆపి, నువ్వెవరు, ఎవరింటికి, సంచిలో ఏముంది అని అడగాలి. దాన్నే ఫైర్‌వాల్ అంటారు. అది ఉన్న రౌటర్ కావాలి."

"కెమెరా పీకేస్తేనో?"

"వాడికి నీ వేళలు ఇప్పటికే తెలుసు. పీకేస్తే వాడు రాడని కాదు. వచ్చినట్టు నీకు తెలీదంతే. గుడ్లకి ఇంకెన్ని రోజులు?"

"పదకొండు."

"అయితే పది రోజుల్లో రావాలి ఆ పెట్టె."

మర్నాడే సంఘం సమావేశమైంది. నూకాలమ్మ చెప్పింది విని భల్లయ్య కళ్లు తుడుచుకున్నాడు. "కొనేద్దాం! రేపే కొనేద్దాం!" అన్నాడు.

అప్పుడు వాలేశ్వరం లేచాడు. "కొందాం సార్. అయితే ఏం కొనాలో తేల్చడానికి ముందు ఒక కమిటీ వేద్దాం."

నిజమే కదా అనిపించింది భల్లయ్యకి.

కమిటీలో నెమలి పింఛాలరావుని వేశారు, అందం చూడ్డానికి. ఉడుత చారుమతిని వేశారు, నిల్వల సంగతి చూడ్డానికి. తీగల సంగతి తెలిసినవాడని తవ్వయ్యని 'ప్రత్యేక ఆహ్వానితుడు' అన్నారు. అంటే కుర్చీ ఉంటుంది, ఓటు ఉండదు.

"రౌటర్‌కి యాంటెన్నాలు ఉండాలి," అన్నాడు పింఛాలరావు. "పక్క గుట్ట వాళ్ల దానికి ఎనిమిదున్నాయట. మనకి పన్నెండుకి తగ్గితే నేను తల ఎలా ఎత్తుకోవాలి? దీపాలు కూడా కావాలి. నీలం, ఆకుపచ్చ. ఎరుపు మాత్రం వద్దు, నా ఈకలకి నప్పదు."

"దాచుకునే చోటు ఎక్కువుండాలి," అంది చారుమతి. "మెమరీ ఎంతుంటే అంత."

"అందులో ఏం దాస్తావమ్మా?" అన్నాడు తవ్వయ్య.

"దాచడానికి ఏముందని కాదు. చోటుంటే ధైర్యం."

"పోర్టులు?" అన్నాడు భల్లయ్య. ఆ మాట అతను ఆ పొద్దునే నేర్చుకున్నాడు.

"ముప్పై రెండు ఇళ్లు, కాబట్టి ముప్పై రెండు," అన్నాడు వాలేశ్వరం.

తవ్వయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఇళ్లకి తీగలు పంచే పెట్టె మనకి ముందే ఉంది. కాపలా రౌటర్‌కి పోర్టులు నాలుగు చాలు. అవి ఈ వేగాన్ని తట్టుకునేవైతే చాలు. యాంటెన్నాలు అసలు అక్కర్లేదు, ఇది వీధి గుమ్మంలో ఉండేది. మీరు చూడాల్సింది లోపలి ప్రాసెసర్ని. సెకనుకి వెయ్యి మెగాబిట్లు పొట్లాలుగా వచ్చి పడుతుంటే, ప్రతి పొట్లం విప్పి, చూసి, మళ్లీ కట్టి పంపాలి. బుర్ర గట్టిది కాకపోతే గుమ్మంలోనే బారులు తీరతాయి. వీలైతే ఫ్యాను లేనిది తీసుకోండి. మన గుట్ట దుమ్ముకి ఫ్యాను మూడు నెలలు కూడా తిరగదు. ఒక్కటే ప్రశ్న అడగండి: ఫైర్‌వాల్ వేశాక వేగం ఎంత?"

తవ్వయ్య చెప్పింది అందరికీ అర్థమైంది. అదే ఇబ్బంది.

"చూడు తవ్వయ్యా," అన్నాడు వాలేశ్వరం మెత్తగా, "నీ అనుభవం మీద మాకు గౌరవం ఉంది. కానీ పందికొక్కుని అడిగి కాపలా పెట్టుకున్నారంటే అడవంతా నవ్వదూ?"

నిజమే కదా అనిపించింది భల్లయ్యకి.

అయిదో రోజున గోరింక వచ్చింది. అడవిలో రౌటర్లు అమ్మేది అదే. ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెబుతుంది. ఏం అడిగారన్నది దానికి ముఖ్యం కాదు. అది తెచ్చిన పెట్టె పేరు 'గజకవచం'. పన్నెండు యాంటెన్నాలు కొమ్ముల్లా నిక్కి ఉన్నాయి. తొమ్మిది దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. లోపల ఫ్యాను తిరుగుతుంటే తుమ్మెదల గుంపు వచ్చినట్టుంది.

పింఛాలరావు తనకి తెలియకుండానే పురి విప్పేశాడు.

"ఫైర్‌వాల్ ఉందా?" అన్నాడు భల్లయ్య.

"ఉందండి! పెట్టె మీద రాసి ఉంది చూడండి."

"అది వేశాక వేగం ఎంత?" అన్నాడు తవ్వయ్య వెనక కుర్చీలోంచి.

గోరింక తల ఇటు వంచింది, అటు వంచింది. "అది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుందండి."

"చదువు మరి."

"చిన్న అక్షరాలు చదవడానికి కావండి, ఉండడానికి."

కమిటీ పెద్దగా నవ్వింది. గోరింక ఎంత సరదా మనిషో అనుకున్నారు. గజకవచం ఏకగ్రీవంగా ఖాయమైంది.

ఎనిమిదో రోజున ప్రారంభోత్సవం. ముఖ్య అతిథిగా ఏరు అవతలి ఏనుగు గారు వచ్చారు. గుట్టంతా చేరింది. నూకాలమ్మ గుడ్ల మీద ఎండుగడ్డి కప్పి వచ్చి, ఒంటికాలి మీద నిలబడి చూస్తోంది. భల్లయ్య రిబ్బను కొరికాడు. వాలేశ్వరం ఫైర్‌వాల్ వేసి, వేగం చూపించే ముల్లు నలుగురికీ కనపడేలా తెర మీద పెట్టాడు.

ముల్లు లేచింది. ఎనభై దగ్గర ఆగింది.

"వెయ్యి అన్నారు?" అన్నారు ఏనుగు గారు.

భల్లయ్యకి చెమటలు పట్టాయి. అంత బొచ్చులోనూ కనపడ్డాయి. వాలేశ్వరం తోకతో అతని నడుం మీద తట్టి చెవిలో ఊదాడు. "ఫైర్‌వాల్ వల్ల సార్. దాని బుర్ర చాలడం లేదు. ఆపేస్తే సరి."

"ఆపేస్తే కాపలా?"

"దీపాలు వెలుగుతూనే ఉంటాయి సార్."

నిజమే కదా అనిపించింది భల్లయ్యకి. వాలేశ్వరం ఒక మీట నొక్కాడు. ముల్లు గభాలున వెయ్యికి దూకింది. గుట్ట దద్దరిల్లేలా చప్పట్లు. ఏనుగు గారు తొండంతో భల్లయ్య మెడలో దండ వేశారు.

సభ చెదిరాక నూకాలమ్మ వాలేశ్వరం దగ్గరికి వచ్చింది. "బాబూ, ఫైర్‌వాల్ వేసే ఉందా?"

"అదిగో తొమ్మిది దీపాలు వెలుగుతుంటే ఇంకా అనుమానమా తల్లీ?"

ఆ సాయంత్రమే కమిటీ ఒక తీర్మానం రాసుకుంది. ఎవరూ ఇంటర్నెట్ వాడని వేళల్లో మాత్రమే ఫైర్‌వాల్ వేయాలని. ముప్పై రెండు ఇళ్లలో అలాంటి వేళ ఏదో ఎవరూ అడగలేదు. అందరూ సంతకాలు పెట్టారు.

తొమ్మిదో రోజు ఉదయం నూకాలమ్మ గూట్లో కూర్చుని ఉండగా, కెమెరా మెల్లగా తిరిగి ఆమె మొహంలోకి చూసింది. ఆమె కూడా దాని మొహంలోకి చూసింది. ఎవడో అవతల ఉన్నాడని తెలిసింది. కానీ కదిలితే గుడ్లు పోతాయి. తోవన పోతున్న చీమ చేత తవ్వయ్యకి కబురంపింది.

తవ్వయ్య నోట కరుచుకుని ఒక చిన్న పెట్టె తెచ్చాడు. ఉసిరికాయ డబ్బా అంత ఉంది. నల్లగా, బరువుగా, మూకుడు బోర్లించినట్టుంది. ఫ్యాను లేదు.

"ఇదేంటి బాబాయ్? కొమ్ములేవీ?"

"ఇది పొడవదమ్మా, చూస్తుంది. పాడైన పెట్టెల్లోంచి ఏరి నేనే కట్టుకున్నాను. బుర్ర మాత్రం గట్టిది. గుట్టకంతటికీ వచ్చే వేగం దీనొక్కదాని మీద పోసినా, విప్పి చూసే పంపుతుంది."

"మరి కమిటీకి చూపించలేదేం?"

"చూపించాను. పింఛాలరావు గారు దాని మీద కాఫీ గ్లాసు పెట్టారు."

నూకాలమ్మ తీగకి అడ్డంగా తవ్వయ్య ఆ పెట్టె బిగించాడు. కెమెరా ఒక్కసారి వణికి, గూటి వైపు తిరిగి నిలబడిపోయింది. "ఇక మీదట నీ మేత వేళలు కూడా మార్చుకో అమ్మాయ్. పెట్టె పని పెట్టె చేస్తుంది, మన పని మనం చేయాలి," అని చెప్పి వెళ్లాడు.

అవతల పునుగుపిల్లికి కౌజు గూడు కనపడ్డం మానేసింది. పాత వేళకి వచ్చి చూస్తే నూకాలమ్మ గూట్లోనే ఉంది, ముక్కు ముందుకు పెట్టుకుని. పిల్లి వెనక్కి పోయింది గానీ, ఆకలి పోదు కదా. ఇంకేం దొరుకుతాయా అని గుట్ట తీగల్లో వెతికితే, మిగిలిన ముప్పై ఒక్క ఇళ్లూ బార్లా తెరిచి ఉన్నాయి. అందులో ఒక తలుపు మీద 'తేనె గది' అని పేరు కూడా రాసి ఉంది.

పదకొండో రోజున భల్లయ్య పెట్టిన కేకకి గుట్ట మీది రాళ్లు దొర్లాయి. గదిలో తేనెపట్టు మైనం తప్ప ఏమీ మిగల్లేదు. చారుమతి దాచుకున్న వాటిలో చింతగింజలు తప్ప పళ్లన్నీ పోయాయి. వాలేశ్వరం మామిడిపళ్ల బుట్టలో టెంకలు మిగిలాయి. ఎటు చూసినా పునుగు వాసన. గుట్ట మీద ఇంత పరిమళం ఎన్నడూ లేదు.

"మనకి ఫైర్‌వాల్ ఉందిగా!" అని భల్లయ్య గర్జించాడు.

"ఉంది సార్. ఆపి ఉంది."

"ఎవరు ఆపమన్నారు?"

వాలేశ్వరం పుస్తకం తెరిచి చూపించాడు. "మీరే సార్. ఏకగ్రీవంగా."

వెంటనే ఫైర్‌వాల్ వేశారు. వేగం ఎనభైకి పడింది. అరగంటలో మిగిలిన ఇళ్ల వాళ్లంతా కార్యాలయం ముందుకొచ్చారు. తేనె పోయిందన్నప్పుడు ఒక్కరూ రాలేదు గానీ, సీరియల్ ఆగిపోయిందంటే నత్త కూడా పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు చారుమతి మెల్లగా అంది. "ఒక్క నూకాలమ్మ ఇంట్లోనే ఏమీ పోలేదు. ఏదో నల్ల పెట్టె పెట్టుకుందట. అది కాపలా కాస్తున్నా పొద్దుటిదాకా వేగమూ తగ్గలేదట."

కమిటీ అంతా కదిలి గడ్డి దుబ్బు దగ్గరికి వెళ్లింది. వెళ్లేముందు వాలేశ్వరం ఒక నోటీసు రాసుకున్నాడు. 'సంఘం అనుమతి లేకుండా సొంత కాపలా పెట్టుకున్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను.'

చదవమని భల్లయ్య చేతికిచ్చాడు. భల్లయ్య గొంతు సవరించుకుని కిందికి చూశాడు. నూకాలమ్మ రెక్క కింద నుంచి నాలుగు పిల్లలు, పెంకు ముక్కలు నెత్తి మీద ఉండగానే, తలలు బయటపెట్టి అతన్ని చూస్తున్నాయి. ఒకటి వచ్చి అతని కాలిగోరుని పొడిచి, తినేది కాదని తేల్చుకుని వెళ్లిపోయింది.

భల్లయ్య నోటీసు మడిచాడు. వాలేశ్వరం ఏదో చెప్పబోతే, జీవితంలో మొదటిసారి, "నువ్వు ఆగవయ్యా," అన్నాడు.

తర్వాత నూకాలమ్మని అడిగాడు. "అమ్మా, ఆ పెట్టె మా అందరికీ ఇస్తావా?"

నూకాలమ్మ పిల్లల్ని చూసుకుంది. కౌజు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి. ఆమెకి ఇక గూడు అక్కర్లేదు.

"ఇస్తాను బాబూ. దాన్ని ఆపే మీట మాత్రం ఉండకూడదు."

"అది నేను ముందే కొరికేశాను," అన్నాడు తవ్వయ్య.

ఆ మధ్యాహ్నమే చిన్న పెట్టెని గుట్ట వీధి గుమ్మంలో పెట్టారు. వేగం వెయ్యికి కాస్త తక్కువ, కాపలా పూర్తిగా. పునుగుపిల్లి రెండు రోజులు తీగ చుట్టూ తిరిగి, వేరే అడవి చూసుకుంది.

కానీ కమిటీకి ఒక చిక్కు మిగిలింది. దండలు వేసి ప్రారంభించిన గజకవచాన్ని ఏం చేయాలి? వాలేశ్వరమే దారి చూపించాడు. దాని లోపలి సరుకంతా తీసేసి, చిన్న పెట్టెని అందులో కూర్చోబెట్టారు. పన్నెండు కొమ్ములూ, తొమ్మిది దీపాలూ ఎప్పటిలాగే ఉన్నాయి. పింఛాలరావు పట్టుబట్టి ఎరుపు దీపానికి ఆకు అంటించాడు.

చుట్టుపక్కల గుట్టల వాళ్లు వచ్చి చూసి, ఇంత దొంగల భయం లేని చోటు లేదని మెచ్చుకుని, తలా ఒక గజకవచం కొనుక్కున్నారు. గోరింక అందులో పద్నాలుగు కొమ్ముల రకం కూడా తెచ్చింది. గుమ్మం పక్కన శిలాఫలకం వేశారు. అందులో కమిటీ పేర్లన్నీ ఉన్నాయి. అందరికంటే కింద 'ఇతరులు' అని ఉంది.

ఆ 'ఇతరులు' అప్పటికి గుట్ట వెనకాల మట్టిలో మునిగి ఇంకో తీగ వేస్తున్నాడు. అతని వెనకే నాలుగు కౌజు పిల్లలు, తవ్విన మట్టిలో పురుగులు ఏరుకుంటూ తిరుగుతున్నాయి.

నీతి: కాపలా ఎవరు కాసినా ఫరవాలేదు, దండ వేయడానికి మాత్రం కొమ్ములు ఉండాలి.