లోగో లేనిదే దాహం తీరదు

లోగో లేని బాటిల్లో నీళ్ళు తాగితే దాహం తీరదు. ఈ మాట ఊరికే అనడం లేదు. వాట్‌గంజ్‌లోని మా తెలుగు సేవా సమాజానికి ప్రచార కార్యదర్శిగా మూడు నెలలకు పైగా ఇదే పని మీద ఉండి, అనుభవంతో చెబుతున్నాను.

కొందరికి లోగో అంటే చిన్నచూపు. పెన్ను మీద లోగో, గొడుగు మీద లోగో, చివరికి నీళ్ళ బాటిల్ మీద కూడానా అని విసుక్కుంటారు. అయ్యా, మనం ఉండేది కలకత్తాలో! ఇక్కడ బస్టాపులో బెంచీకి ఆనుకుంటే వీపుకి ఎవరిదో ఒకరి పేరు ఒత్తుకుంటుంది. పేటకొకటి ఉండే పాడా క్లబ్బు అంబులెన్సు వస్తే లోపల పేషెంటు కన్నా ముందు బయట దాత పేరు కనబడుతుంది. ఇచ్చినవాడి పేరు తెలియకపోతే పుచ్చుకున్నవాడు ఎవరికని దండం పెట్టాలి?

మా సంగతే వినండి. మార్చి మొదటివారంలో మా ఆఫీసుకి అరవై స్టీలు బాటిళ్ళు వచ్చాయి. పైన నీలిరంగు పూత. పొద్దున్న నింపితే సాయంత్రం దాకా నీళ్ళు చల్లగా ఉంటాయి. కార్పొరేషన్ తరఫున రోడ్లు ఊడ్చే మన తెలుగు ఆడవాళ్ళు అరవై మందికి, ఎండలు ముదరకముందే పంచాలని తీర్మానం. అప్పటికి వాళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో తెచ్చుకునే నీళ్ళు పదిగంటలకల్లా కాగిపోయేవి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నోరు కట్టుకుని ఊడవడమే.

బాటిళ్ళు వచ్చిన మర్నాడే తవిటమ్మ వచ్చింది. పాతికేళ్ళుగా ఓడల డాకు పక్క రోడ్డు ఊడుస్తున్న మనిషి, ఇప్పటికీ రోజుకూలీయే. పెట్టెల వంక చూసి, “ఇచ్చీండి బాబూ, ఎండలు పేలిపోతన్నాయి” అంది.

“ఇంకా లోగో వెయ్యలేదమ్మా” అన్నాను.

“బొమ్మ నేకపోతే నీలు దిగవేటి?”

చూశారా! ఇలాంటివాళ్ళకి సేవ చెయ్యడం ఎంత కష్టమో.

మా అధ్యక్షులు మురళీమోహన్ గారు పెట్టెలు బీరువాలో పెట్టించి తాళం వేశారు. ప్రింటింగ్ షాపు లలిత్‌ని పిలిపించారు. మూడు పద్ధతులున్నాయన్నాడతను. స్క్రీన్ ప్రింట్ అంటే మామూలు సిరా అచ్చు. యూవీ ప్రింట్ అంటే ఎన్ని రంగులైనా వస్తాయి, ఫొటో కూడా పడుతుంది. మూడోది లేజర్. అది పూతని కాల్చి అడుగున ఉన్న స్టీలు మీద అక్షరాలు తేలుస్తుంది.

ఒక్క గంటలో తేల్చెయ్యవచ్చు కదా అంటారు మీరు. మీరు ఎప్పుడైనా కమిటీలో ఉన్నారా?

మేం శాస్త్రీయంగా వెళ్ళాం. స్క్రీన్ ప్రింట్ నమూనా ఒకటి వేయించి, గట్టిదనం చూడ్డానికి తవిటమ్మనే పిలిచాం. తోమడంలో ఆమెకున్న అనుభవం మా కమిటీ పదకొండు మందిలో ఎవరికీ లేదు. పని నుంచి అలాగే వచ్చి, కొబ్బరిపీచు, బూడిద తీసుకుని కూర్చుంది. అరగంటలో మా సమాజం పేరు పోయింది. ఇంకో పది నిమిషాలకి మురళీమోహన్ గారు కూడా పోయారు.

బాటిల్ తళతళలాడుతోంది. “శుభ్రంగా తోమేసినాను కదా, ఇది నాకిచ్చీండి బాబూ” అంది తవిటమ్మ. నమూనాలు ఎవరికీ ఇవ్వకూడదని నియమం. మా కమిటీలోని రమణబాబు గారు దాన్ని తుడిచి బీరువాలో పెట్టారు.

యూవీ ప్రింట్ అందరికీ నచ్చింది. కాని బాటిల్ గుండ్రం కదా! పదకొండు ఫొటోలు చుట్టూ పరిస్తే అధ్యక్షుడి ముక్కు వెనక్కి పోయి సహాయ కార్యదర్శి చెవి పక్కన తేలింది. పైగా గోరు తగిలితే రంగు లేస్తోంది. అది కూడా వద్దనుకున్నాం. ఏప్రిల్ మధ్యలో బెంగాలీల ఉగాదికి, అంటే బైశాఖ్ ఒకటో తేదీకి పంచుదామనుకున్న గడువు అప్పటికే దాటిపోయింది.

చివరికి లేజర్ ఖాయమైంది. ఫొటోలు లేవు, పేర్లు మాత్రమే. పదకొండు పేర్లు, హోదాలతో సహా. అప్పుడు రమణబాబు గారికి ఒక అనుమానం వచ్చింది. తాగేవాళ్ళు బాటిల్ పట్టుకున్నప్పుడు వేళ్ళ కింద ఎవరి పేరు పడుతుంది? పట్టి చూస్తే ఆయనదే పడింది. ఆయన రాజీనామా ఇచ్చారు. ఆడవాళ్ళు బాటిల్ని ఎక్కడ పట్టుకుంటారో తేల్చడానికి ముగ్గురితో ఉపసంఘం వేశాం. ఉపసంఘం పదిహేను రోజులు టీ తాగుతూ టీ గ్లాసులు పట్టుకునే తీరు పరిశీలించింది. ఆయన పేరు రెండు వేళ్ళు పైకి జరిపాక రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఇంత ప్రజాస్వామ్యం మీరు ఎక్కడ చూశారు?

మే రెండోవారంలో తవిటమ్మ రోడ్డు మీద పడిపోయింది. వడదెబ్బ. పక్కన చీపురు, చేతిలో ఖాళీ కూల్‌డ్రింకు సీసా. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది.

మేం చూస్తూ ఊరుకున్నామా? ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాం. ఒక నిమిషం విచారం వ్యక్తం చేశాం. బాటిళ్ళు ఉన్నవి ఉన్నట్టు రేపే పంచేద్దామని ఎవరో గొణిగారు. ఆ ఎవరో నేనే, కాని నా గొణుగుడు నాకే సరిగ్గా వినబడలేదు, రెండోసారి అనలేదు. సందర్భాన్ని బట్టి పేర్ల పైన “ఎండలో జాగ్రత్త” అని ఒక వాక్యం చేర్చాలని తీర్మానం నెగ్గింది. వాక్యం చేరితే పేర్లన్నీ కిందికి జరుగుతాయి. లలిత్ డిజైను మళ్ళీ మొదటి నుంచి వేశాడు.

జూన్ నెలాఖరులో సభ జరిగింది. బయట కుండపోత. మోకాళ్ళ దాకా నీళ్ళలో నడిచి వచ్చిన ఆడవాళ్ళ చేతుల్లో “ఎండలో జాగ్రత్త” పెట్టి ఫొటోలు దిగాం.

తవిటమ్మ కూడా వచ్చి వరసలో నిలబడింది. జాబితాలో ఆమె పేరు లేదు. మళ్ళీ ఎండలోకి వెళ్ళొద్దని డాక్టరు అన్నాక ఆమె రోడ్డు ఒక బెంగాలీ ఆవిడకి ఇచ్చేశారు. “ఇవి ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళకేనమ్మా” అని మురళీమోహన్ గారు చాలా మర్యాదగా చెప్పారు. అలా మిగిలిన తవిటమ్మ వంతు బాటిల్ ఆఫీసు అద్దాల బీరువాలోకి వెళ్ళింది.

తవిటమ్మ పక్కావిడ బాటిల్ చేతిలోకి తీసుకుని, ఒక పేరు మీద బొటనవేలి గోటితో గట్టిగా గీకి చూసింది. “ఇది పోదే” అని తిరిగి ఇచ్చేసింది.

అవును, పోదు. కనుక లోగోని తిట్టకండి. సిరా అచ్చు అయితే రెండు నెలల్లో చెరిగిపోయేది, సంగతి కూడా జనం మరిచిపోయేవారు. ఇప్పుడు ఆ అవకాశం లేదు. వేసవంతా నీళ్ళ బాటిళ్ళకి తాళం వేసి కూర్చున్నది ఎవరని ఎవరైనా అడిగితే ఆ ఆడవాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. హోదాలతో సహా పదకొండు పేర్లూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఏడోది నాది.