రాని లారీల వరస

శుక్రవారం పొద్దున్నే శశిభూషణ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదిన్నరకు రాహుకాలం వచ్చేలోగా కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి ఫోన్‌ను నిలబెట్టాలి. అందులో తన యాప్ పరీక్షించాలి. పన్నెండు దాటాక లాల్ అహ్మద్ గారికి చూపించి ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి.

లాల్ అహ్మద్‌కు పొన్నూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతులు ఇంటి దగ్గరే లారీకి సీరియల్ నంబరు తీసుకుని, గేటు దగ్గర ఆ వరసలోనే లోపలికి పోవాలి. ఇదీ యాప్. సోమవారం నుంచి గేటులో వాడి చూస్తున్నారు. ఈ బేరం కుదరకపోతే గుంటూరులో శశిభూషణ్ ఆఫీసుకు తాళమే. పర్చూరులో అత్తగారు కోటేశ్వరమ్మ ఇప్పటికే "ఎకరం భూమి లేదు, ఒళ్లో డబ్బా ఒకటుంది" అని వీధివీధినా అల్లుడి పరువు తీస్తోంది.

కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వాడని వాళ్లను శశిభూషణ్ మనుషుల్లో జమకట్టడు. అతనికి మాత్రం వాడటం వచ్చా అంటే, అది వేరే సంగతి. ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్లు చదవకుండా అతికించాడు. తెర మీద ఫోన్ బొమ్మ లేచింది కానీ కదలదు, మెదలదు.

"సార్, మెషీన్ రీస్టార్ట్ చేసి వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. లేకపోతే ఈ ఎమ్యులేటర్ ఫోన్ ఇట్లాగే నత్తనడక నడుస్తుంది" అంది టెస్టింగ్ చూసే మెహర్.

"ఇప్పుడు రీస్టార్ట్ చేస్తే మళ్లీ లేచేది రాహుకాలంలోనే! ఈ పూట శుభమా అని మొదలుపెడుతుంటే."

"పోనీ టెస్ట్ సర్వర్‌కైనా మార్చండి సార్. మీరు నొక్కేదంతా గేటు దగ్గర వాడే అసలు సర్వర్‌కే పోతోంది."

"నేను లినక్స్ పట్టేనాటికి నువ్వు పలక పట్టుకుని తిరుగుతున్నావు. ఊరుకో."

లారీ యజమాని పేరు అడిగిన చోట 'శశిభూషణ్ గారు' అని కొట్టాడు. తనను తాను గారు అనుకునే అవకాశాన్ని వదులుకునే రకం కాదు. 'నంబరు కావాలి' అన్న బటన్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కాడు. లిఫ్టు రాలేదని బటన్‌ను పొడిచి చంపే జనానికీ అతని ఇంజనీరింగ్ పట్టాకూ తేడా కనబడలేదు. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాడు. నెమ్మదిగా నడిచే ఆ ఫోన్ ప్రతి నొక్కునూ మింగి, ఒక్కొక్కటే తీరిగ్గా అరిగించుకుంది.

కాసేపటికి కోల్డ్ స్టోరేజీ గేటు కాసే బుడే ఫోన్ చేశాడు. "సార్, మీ పేరు మీద నలభై లారీలు పడ్డయ్యి. ఒక్కటీ కనపట్టంలా. ఎనకొచ్చినోళ్లు గోల చేస్తన్నారు, వదిలెయ్యనా?"

మెహర్ ముందు తప్పు ఒప్పుకోవడమా? "దారిలో ఉన్నాయి. సీరియల్ తప్పించావంటే ఊరుకోను!" అన్నాడు శశిభూషణ్.

బుడే గేటు మూసేశాడు. నిజం లారీలు రాని లారీల కోసం రోడ్డు మీద నిలబడిపోయాయి. అటు పోతున్న డ్రైవర్లు ఆ వరస చూసి, ఇక్కడేదో మంచి ఏర్పాటుందని వచ్చి తోకన చేరారు. మన జనానికి వరస కనబడితే చాలు, ఎందుకో తర్వాత అడుగుతారు. ఎవరో శశిభూషణ్ గారట, నలభై లారీల మిర్చి దించుతున్నాడట అని మాట మిర్చి యార్డు దాకా పాకింది.

అప్పుడు కోటేశ్వరమ్మ ఫోన్ చేసింది. పర్చూరు నుంచి మిర్చితో ఆమె వెంటబెట్టుకొచ్చిన లారీ కూడా ఆ వరసలోనే, రాని నలభైకి సరిగ్గా వెనకాల ఉంది. "అల్లుడుగారూ, ఇంత యాపారం చేస్తా మాకొక్క మాటన్నా చెప్పలేదేంటి బాబూ?"

పెళ్లయిన నాటి నుంచి ఆ నోట 'గారు' వినని శశిభూషణ్‌కు నిజం చెప్పబుద్ధి కాలేదు. "ఏదో, మీ దయ అత్తయ్యగారూ" అన్నాడు.

పన్నెండు దాటగానే లాల్ అహ్మద్ తలుపు తోసుకుని వచ్చాడు. అడక్కముందే శశిభూషణ్ జరిగిందంతా కక్కేశాడు.

"తెలుసయ్యా, తెలిసే వచ్చా. పక్కోడి కోల్డ్ స్టోరేజీ ముందు కుక్క కూడా లేదివాళ! మనకాడ రోడ్డు పట్టనంత జనం. ఆ యాప్ సంగతి ఎవుడికి కావాలి? ఆ రాని లారీలు రోజూ పొద్దున్నే నిలబెట్టు, సంతకం పెడతా."

రాత్రింబగళ్లు చచ్చీచెడి రాసిన యాప్ ఎవరికీ అక్కర్లేదు. చేతకానితనమే సరుకైంది. అయినా శశిభూషణ్ కాగితం ముందుకు జరిపాడు. "ఇవాళ్టివి తీసేస్తానండీ, మా అత్తగారి లారీ వెనకాల..."

"ఆ పని మాత్రం చెయ్యబాక! వరస కదిలిందంటే జనం జారుకుంటారు. సాయంత్రం దాకా ఉండనీ."

సంతకం అయింది. శశిభూషణ్ అత్తగారికి ఫోన్ చేశాడు. "ఇంకాస్త ఆలస్యమయ్యేట్టుందండీ."

మండుటెండలో కోటేశ్వరమ్మ గొంతు చల్లగా పలికింది. "తొందరేముంది బాబూ, ముందున్నయ్యన్నీ మనయ్యేగా!"

పెళ్లయ్యాక ఆవిడ అల్లుణ్ని నమ్మిన రోజు అదొక్కటే.